ఆలేరు గోదాము ముందర ఏడు బండ్లు

ఆ రోజుల్లో మా ఊరికి బడిపంతుల్ని నేనే, పోస్టుమాస్టర్నీ నేనే. రెండు కొలువులూ ఒకే వసారాలో నడిచేవి. పది గంటల దాకా టపా, ఆ తర్వాత బడి. ఊరు మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ సంగతి ఊరికి తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. జరిగిన గొడవకంతా మూలం ఆ రెండో ముక్కే.

1962లో మే నెల నడుమ ఒకనాడు రామన్నపేట నుంచి వచ్చిన టపా సంచి ఎన్నడూ లేనంత బరువుగా ఉంది. విప్పితే ఇరవై మూడు పొడుగాటి కవర్లు. అన్నీ ఆలేరు నుంచి, రైతు సేవా ఆముదాల కంపెనీ లిమిటెడ్ వారు పంపినవి. మూడేళ్ల కింద ఆ కంపెనీ పెద్ద గోపయ్య సేటు జీపులో మా ఊరికి వచ్చి, మీ ఆముదాలు మీ మిల్లులోనే ఆడిద్దాం, లాభం మీరే తిందురు అని చెప్పి, ఒక్కోటి యాభై రూపాయల లెక్కన షేర్లు అమ్మిపోయాడు. భద్రమ్మ వెండి కడియాలు అమ్మి నాలుగు షేర్లు తీసుకుంది. బావులు తవ్వి కూడబెట్టుకున్న కూలి డబ్బుతో ఏసోబు నాలుగు తీసుకున్నాడు. నేను రెండు. మొదటి రెండేళ్లు షేరుకు ఐదేసి రూపాయలు మనియార్డరులో వచ్చాయి. పంచింది నేనే కాబట్టి, ఆ డబ్బు నేనే సంపాదించి పెట్టినంత గర్వంగా పంచాను.

కవర్లు మాత్రం ఎన్నడూ రాలేదు. 1956లో వచ్చిన కంపెనీల చట్టం ప్రకారం ఏడాది లెక్కలు అచ్చు వేయించి, సర్వసభ్య సమావేశానికి మూడు వారాల ముందే ప్రతి షేరుదారుకూ పంపాలట. వాళ్లకు చదువు వచ్చినా రాకపోయినా పంపాల్సిందే. గోపయ్య ఇంతకాలం పంపామని రాసుకుని ఊరుకున్నాడు. ఈ ఏడు హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఆడిటరు, టపాలో వేసినట్టు రశీదు చూపిస్తే తప్ప ముందుకు సాగనన్నాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆనాటికి నాకు తెలిసిందల్లా కవర్లు వచ్చాయి, ఊరు నా వసారాలో చేరింది, కాగితం ఇంగ్లీషులో ఉంది అని. అంతకన్నా నాకేం కావాలి.

అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది భద్రమ్మ. ఆమెకు నాలుగెకరాల చెల్క, నీరు నిలవని ఎర్రనేల. భర్త పోయి ఆరేళ్లయింది, సేద్యమంతా ఆమెదే. ఉగాది దాటగానే జతలో ఒక ఎద్దు రోగమొచ్చి చచ్చిపోయింది. కొత్త ఎద్దు కొనాలంటే తక్కువలో తక్కువ రెండు వందలు. ఆమె చేనుకు అవతలి చేను ఏసోబుది, అతనికి మొదటినుంచీ ఒకటే ఎద్దు. ఆమెదొకటి, అతనిదొకటి కలిపి అరక కట్టుకోవచ్చు గానీ, చెల్క నేలలో మిరుగు, అంటే మృగశిర కార్తె వాన పదును మూడు రోజులకన్నా నిలవదు. అలిసినప్పుడల్లా విప్పాల్సిన ఒక్క జత ఆ మూడు రోజుల్లో ఒకరి చేనే దున్నగలదు. రెండోవారి చేను ఆ ఏడు ఎండాల్సిందే. అందుకే భద్రమ్మ వారం కిందటే ఆలేరు పోయి, షేరు కాగితాలు తీసుకుని పైసలివ్వమని గోపయ్యను అడిగింది. కంపెనీ తన షేర్లు తాను కొనరాదని చట్టముందన్నాడు. ఆ ఒక్క మాట నిజమే.

నేను కాగితం విప్పి గొంతు సవరించుకున్నాను. ఎడమ పక్క కంపెనీ ఎవరెవరికి బాకీయో ఉంటుంది, కుడి పక్క కంపెనీ దగ్గర ఏమేమున్నదో ఉంటుంది అని చెప్పాను. అక్కడి దాకా సరిగ్గానే చెప్పాను. ఎడమ పక్క మొదటి వరసలో రెండు వేల వంద షేర్లు, లక్షా ఐదు వేల రూపాయలు అని ఉంది.

"అంటె గవి మనకియ్యాల్సినయేనా పంతులూ?" అన్నాడు పోచయ్య. ఊళ్లో వయసులో పెద్దవాడు, నోటిలెక్కలో నన్ను మించినవాడు.

"రాసే ఉంది కద" అన్నాను.

కుడి పక్క, మార్చి ముప్పై ఒకటి నాటికి గోదాములో మిగిలిన ఆముదాలు నాలుగు వేల రెండు వందల బస్తాలు అని ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో, మేనేజింగ్ డైరెక్టరు ధ్రువీకరించిన మేరకు అని ఉంది. చిన్న అక్షరాలు కదా అని దాటేశాను. ఎడమ పక్క బ్యాంకు అప్పు అని ఇంకో ముక్క ఉంది. అది బ్యాంకు గొడవ, మనకెందుకని అదీ దాటేశాను. కింద రిపోర్టులో ఇంజను చెడి ఉగాది నుంచి మిల్లు ఆడలేదనీ, మంచి ధర కోసం సరుకు నిలవ ఉంచామనీ రాశారు. అది మాత్రం రెండుసార్లు చదివాను.

పోచయ్య కళ్లు మూసుకుని తెరిచాడు. "షేరుకు రెండు బస్తాలు."

మా దిక్కు నలుగురు కలిసి పొత్తుకు సేద్యం చేస్తే, పంటను కల్లం మీదే పంచుకుంటారు. రాశి కొలిచి, ఎవరి పాలు వాళ్లు సంచుల్లో కట్టుకుని, కల్లం ఊడ్చి మరీ ఇంటికి పోతారు. రాశి కల్లంలో ఉండగా తన పాలు వదిలిపెట్టి పోయిన మనిషిని మా ఊరు చూడలేదు. కంపెనీ అంటే పెద్ద పొత్తు. ఈ కాగితం కల్లం లెక్క. సమావేశమంటే పంపకాల రోజు. వాళ్లు అట్లా అర్థం చేసుకున్నారు. కాదని చెప్పాల్సిన నేను తలూపాను. నిజం చెప్పాలంటే, నా రెండు షేర్లకు నాలుగు బస్తాలని నేనూ లెక్కేసుకున్నాను.

భద్రమ్మ వేళ్లు మడిచి చూసుకుంది. "నాకు ఎనిమిది బస్తాలు. ఎద్దొస్తది. విత్తనాల ఫికరు గూడ తీరుతది" అంది. ఉగాది తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూడడం నాకు అదే మొదలు.

సమావేశం జూన్ ఐదు, పొద్దున పదకొండు గంటలకు. మేం కోడి కూసే వేళకే ఏడు బండ్లు కట్టి, ఖాళీ గోనె సంచులు వేసుకుని బయలుదేరాం. భద్రమ్మ, ఏసోబు, నేను ఒక బండిలో. బండి ఏసోబుది, ఎద్దులు చెరొకటి. ఆమెది ఎత్తు ఎద్దు, అతనిది పొట్టిది, కాబట్టి ఆలేరు దాకా పది మైళ్లూ ఒక పక్కకు ఒరిగే పోయాం. ఆమె ఎద్దుకు జత పోయినప్పటినుంచి బెదురు పట్టుకుంది. తెలిసినవాళ్లు తాడు పట్టుకుని పక్కన నిలబడితే తప్ప కొత్త చోట కుదురుగా ఉండదు. ఏసోబు అంటే దానికి నమ్మకం.

ప్రతి ఏడూ ఆ సమావేశానికి గోపయ్య, ఆయన బావమరిది, గుమాస్తా, డ్రైవరు, మిల్లు మేస్త్రీ కలిపి ఐదుగురు హాజరయ్యేవారట. చట్టానికి ఐదుగురు చాలు. చాయ్ తాగి, లెక్కలు ఆమోదించి లేచేవారట. ఆ ఏడు వాళ్ల పక్కన ఆడిటరు కూడా ఉన్నాడు. సన్నటి మనిషి, కళ్లద్దాలు, జేబులో రెండు పెన్నులు. మిల్లు ఆవరణలోకి వరసగా దిగుతున్న బండ్లను చూసి గోపయ్య సంబరపడ్డాడు.

"గీ కాలంల ఆముదాలు ఏడికెల్లి తెచ్చిండ్రే?" అన్నాడు.

"తేలె సేటూ. తీస్కపోవొచ్చినం" అన్నాడు పోచయ్య.

సంగతి విన్నాక గోపయ్య ముఖం మారింది. అయినా నెమ్మదిగానే చెప్పాడు. షేరుదారుకు లాభంలో పాలు ఉంటుంది గానీ గోదాములోని సరుకు మీద హక్కు ఉండదు, చట్టం ఒప్పదు అన్నాడు. ఆడిటరు నన్ను పక్కకు పిలిచి ఈ జనమంతా ఎందుకొచ్చారని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. నాకు మొదటినుంచీ తెలిసినట్టు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భద్రమ్మ నవ్వలేదు. "చట్టం సంగతి మా పంతులు సూస్తడు. పంచుడు తర్వాత సేటూ, ముందుగాల గా బస్తాలు కండ్లకు సూపియ్యి."

"తాళంచెవి చౌకీదారు తాన ఉన్నది. గాడు జనగామకు పోయిండు."

"వస్తడు గద. కూసుంటం."

ఆమె గోదాము తలుపు ముందర గోనె పరుచుకుని కూర్చుంది. మిగతావాళ్లు ఎద్దులను విప్పి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించారు. ఏసోబు ఆమె ఎద్దు తాడు పట్టుకుని ఆవరణ చివర నీడలో నిలబడ్డాడు. పన్నెండయింది, ఒంటిగంటయింది. చౌకీదారు రాలేదు. మనిషిని పంపడానికి సైకిలు ఉందా అని మావాళ్లు అడిగితే సైకిలు కూడా జనగామలోనే ఉందని చెప్పారు. పప్పు వాసన ఆఫీసు దాకా పోతున్నది.

గోపయ్య నన్నూ భద్రమ్మనూ లోపలి గదిలోకి పిలిచాడు. ఈమె లేస్తే అందరూ లేస్తారని లెక్క వేసినట్టున్నాడు. బల్ల మీద రెండు వంద నోట్లు పెట్టాడు.

"నీ నాలుగు కాయితాలు నాకియ్యి. ఇవి నా సొంత పైసలు, కంపెనీయి కావు. మనిషి కొనుక్కుంటె తప్పు లేదు. పోయి ఎద్దు తెచ్చుకో."

భద్రమ్మ నోట్ల వైపు చూసింది గానీ వెంటనే ముట్టుకోలేదు. ఎనిమిది బస్తాలు నాలుగు వందలు పలుకుతాయని ఆమెకు తెలుసు. మిరుగు మూడు రోజుల్లో ఉందనీ తెలుసు. "గివి తీస్కుంటె ఎద్దొస్తదా పంతులూ?" అంది నా వైపు తిరిగి. వస్తది, తీసుకో అన్నాను. ఆమె వేలిముద్ర వేసింది, నేను సాక్షి సంతకం పెట్టాను.

"బయట ఎవలికి చెప్పకు" అన్నాడు గోపయ్య.

"నా అంతట నేను చెప్ప సేటూ. అడిగితె మాత్రం అబద్ధమాడ."

మెట్లు దిగుతుండగానే పోచయ్య అడిగాడు, ఏమిచ్చిండని. రెండు నూర్లు, నాలుగు కాయితాలకు అని ఆమె చెప్పింది. అంతే. పప్పు కలియబెడుతున్నవాళ్లు గరిటె వదిలేశారు. క్షణంలో ఆఫీసు గది ముందర వరస కట్టారు. అడిగింది పోచయ్య కాబట్టి పోచయ్యే మొదట.

భద్రమ్మ వరసలో ఏసోబు కోసం వెతికింది. కనబడలేదు. అతను ఆవరణ చివర తాడు పట్టుకుని, జరుగుతున్నదేమిటో తెలియక మెడ నిక్కించి చూస్తున్నాడు. ఆమె పరుగెత్తింది. నలభై ఐదేళ్ల మనిషి కొంగు నడుముకు చుట్టుకుని అట్లా పరుగెత్తడం నేను చూడలేదు. "తాడు నాకియ్యి, నువ్వు ఉరుకు తమ్మీ" అని అరిచింది. ఏసోబు ఉరికాడు. అప్పటికే అతని ముందర పద్నాలుగు మంది ఉన్నారు.

నేనూ వరసలో నిలబడాల్సిందే. కానీ బడిపంతులు తోసుకుంటూ నిలబడితే బాగుండదని, అందరిదీ అయ్యాక పోదామని, చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాను. ఆ మర్యాద ఖరీదు వంద రూపాయలు.

గోపయ్య ఒకరికి ఇచ్చి ఇంకొకరికి లేదనలేకపోయాడు. పోచయ్యకు యాభై, ఆ వెనక ఇద్దరికి వందేసి ఇచ్చాడు. నాలుగోవాడికి బావమరిది జేబు వెతికించాడు. ఐదోవాడికి గుమాస్తా దగ్గర చిల్లరతో సహా తీసుకుని యాభై సరిపెట్టాడు. ఆరోవాడికి చెక్కు రాసిస్తానన్నాడు. మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోటే కావాలన్నాడు.

ఇక్కడ ఆడిటరు నవ్వు ఆగిపోయింది. ఆయన కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు. రెండు లక్షల సరుకు గోదాములో పెట్టుకున్న మనిషి, తలుపు తీసి చూపిస్తే పోయేదానికి, బావమరిది జేబు ఎందుకు దులుపుతున్నాడు. ఆ ప్రశ్న ఆయన నన్ను అడిగాడో తనను తానే ప్రశ్నించుకున్నాడో తెలియదు. అద్దాలు సర్దుకుని గోపయ్య ముందు నిలబడ్డాడు.

"గోదాము తెరిపించండి" అన్నాడు.

"చెవి జనగామల..."

"అయితే తాళం పగలగొట్టించండి. సరుకు చూపించమని అడిగే హక్కు చట్టం నాకిచ్చింది. నేను ఇంతకుముందే అడగాల్సింది. మీరు రాసిచ్చిన అంకె మీద సంతకం పెట్టాను."

మిల్లు మేస్త్రీ గడ్డపార తెచ్చాడు. తలుపు తెరిస్తే ఎదురుగా పైకప్పు దాకా పేర్చిన బస్తాలు కనిపించాయి. మావాళ్లు హమ్మయ్య అనుకున్నారు. పోచయ్య మాత్రం ఒక బస్తాను మోచేత్తో నొక్కి, ముఖం చిట్లించి, పైకి ఎక్కాడు. వరస మీద నిలబడి అవతలికి చూశాడు.

"రెండే వరుసలు. అవతల గబ్బిలాలున్నయి" అన్నాడు.

ఆ రెండు వరసల్లోనూ ఎక్కువ భాగం పొట్టు. దించి, విప్పి, వేరు చేస్తే అసలు ఆముదాలు ముప్పై ఒక్క బస్తాలు తేలాయి.

గోపయ్య మెట్టు మీద కూర్చుండిపోయాడు. కొడతారనుకున్నాడేమో, తల రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎవరూ కొట్టలేదు. ఆయనే చెప్పుకొచ్చాడు. బొంబాయిలో ఆముదాల ధర మీద పందెం కట్టే సట్టా ఆడాడు. మొదటి ఏడు కొంత పోయింది. మళ్లీ రాబట్టుకుందామని, పోయిన డబ్బు బదులు కాగితం మీద బస్తాలు రాశాడు. ఆ బస్తాలు చూపి బ్యాంకులో అప్పు తెచ్చాడు. ఆ అప్పులోంచే మాకు షేరుకు ఐదు రూపాయల లాభం పంచాడు. రెండో ఏడు ఇంకా పోయింది, ఇంకొన్ని బస్తాలు రాశాడు.

నేను గర్వంగా పంచిన లాభం అదన్నమాట.

"గా అయిదు రూపాయలు వాపసు ఇయ్యాల్నా?" అని పోచయ్య భయంగా అడిగాడు. ఆడిటరు అక్కర్లేదన్నాడు. పోచయ్య ఆ సాయంత్రం మరే ప్రశ్నా అడగలేదు.

ఆడిటరు అక్కడే కూర్చుని పై అధికారులకు ఉత్తరం రాశాడు. బస్తాలు తాను ఎంచకుండా సంతకం పెట్టిన సంగతి కూడా దాచకుండా రాశాడు. ఆ మనిషి మీద నాకు అప్పుడు గౌరవం కలిగింది. నేను అడిగితే మిగతాదీ చెప్పాడు. కంపెనీ మూతపడితే ఉన్నదాంట్లో బ్యాంకుది ముందు, పన్నులు, పనివాళ్ల జీతాలు ఆ తర్వాత, సరుకిచ్చిన వాళ్లది ఆ తర్వాత. షేరుదార్లు అందరికన్నా వెనక. ముప్పై ఒక్క బస్తాల్లో మీ దాకా ఏమీ రాదు అన్నాడు.

ఆ ముక్క ఏసోబుకు చెప్పే పని నాకు పడింది. దారిలో బండి మీద చెప్పాను. కాగితం చదివింది నేనే, చిన్న అక్షరాలు దాటేసింది నేనే, సరుకు పంచుతారన్నట్టు తలూపింది నేనే అని కూడా చెప్పాను. ఏసోబు ఎద్దుల వైపే చూస్తూ విన్నాడు.

"నువ్వు సరిగ్గ సదివినా నా పైసలు గాడ లేవు గద పంతులూ" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. రెండు వందలు పోగొట్టుకున్నవాడు నన్ను ఓదార్చడం భరించలేక బండి దిగి నడిచాను. భద్రమ్మ కొంగులో ముడివేసిన నోట్లను ఊరు వచ్చేదాకా చేత్తో పట్టుకునే కూర్చుంది.

మర్నాడే ఆమె సంతకు పోయి ఎద్దును తెచ్చింది. మిరుగు నాడు మధ్యాహ్నం మబ్బు పట్టి, పొద్దుగూకే దాకా వాన దంచింది. తెల్లారి నేను బడికి పోతూ చూస్తే, భద్రమ్మ కొత్త ఎద్దునూ పాత ఎద్దునూ తోలుకుని తన చేను దాటి పోతున్నది. దారి తప్పిందా అనుకుని వెంట పోయాను.

ఆమె పోయి ఏసోబు చేను గట్టు మీద ఆగింది. ఏసోబు తన పొట్టి ఎద్దు పక్కన కూర్చుని ఉన్నాడు. ఒక్క ఎద్దుతో అరక సాగదని తెలిసినా ఇంట్లో ఉండలేక వచ్చినట్టున్నాడు.

"అరక కట్టు" అంది భద్రమ్మ.

"ముందుగాల నీది దున్నుకో అక్కా. పదును పోతది."

"పోదు. మూడెడ్లున్నయి. రెండు నడుస్తుంటె ఒకటి అలుపు తీర్చుకుంటది. పొద్దు పొడిచిన కాంచి పొద్దుగూకేదాక అరక ఆగదు. మూడొద్దులల్ల రెండు చేన్లూ అయితయి. ముందుగాల నీది."

ఏసోబు కదలలేదు. "ఎద్దు నీది. నీ పైసలు."

"నా పైసలెట్లయితయి. నువ్వు నా ఎద్దు తాడు పట్టుకోని గాడ నిలవడ్డవు. నువ్వు ఇడిచిపెట్టొస్తె గది బెదిరి ఉరుకుతుండె, నేను దాని ఎంబడి ఉరుకుతుంటి. నువ్వు నిలవడ్డవు గనకనే నేను తలుపు కాడ కూసున్న. అండ్ల సగం నీయే."

ఏసోబు తల తిప్పుకుని కాడి అందుకున్నాడు. ఆమె పాత ఎద్దు కొత్తదాని పక్కన ఒక్కసారి బెదిరి, అతని చేయి మెడ మీద పడగానే కుదురుకుంది. నేను బడికి పోయి పిల్లలకు మూడు రోజులు సెలవిచ్చి వచ్చాను. వంతు లేని ఎద్దును నీడకు కట్టి నీళ్లు పెట్టే పని ఎవరూ అడగకముందే తీసుకున్నాను. మొదటి రోజు పొద్దుగూకే సరికి ఏసోబు చేను సగం దాటి దున్నారు.